జర్మనీకి పంపిన కొసరు

బ్యాంకుల గురించి ఎవరైనా గౌరవంగా మాట్లాడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పాతికేళ్ళకు పైగా వాళ్ళ జీతం తిన్నదానివి, నువ్వే అలా అంటే ఎలా అని మా ఇంట్లోవాళ్ళు అంటారు. తిన్నాను కాబట్టే అంటున్నాను. బయటివాళ్ళకు గాజు తలుపులు, టోకెన్ నంబర్లు కనిపిస్తాయి. లోపల కూర్చున్నవాళ్ళకు ఫైళ్ళు కనిపిస్తాయి. పెన్షన్ మాత్రం ప్రతి నెలా తీసుకుంటున్నాను, ఆ సంగతి కూడా ముందే చెప్పేయడం మంచిది.

నేను పుట్టింది ధర్మవరంలో, మగ్గాల వీధిలో. మా నాయన పట్టుచీరలు నేసేవాడు. పరీక్ష రాసి బ్యాంకులో గుమాస్తాగా చేరాను. బత్తలపల్లెలో కొన్నాళ్ళు, కళ్యాణదుర్గంలో కొన్నాళ్ళు చేసి, ఆఫీసరునై, మళ్ళీ మా ఊరి బ్రాంచికే వచ్చాను. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన రోజులవి. నాయన అప్పటికి లేడు. మా బ్రాంచిలో అప్పులంటే ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి వేరుశనగ మీద, ఇంకొకటి బంగారం మీద. వాన పడని ఏడు మొదటి అప్పు తీరక, రెండో అప్పు కోసం వచ్చేవాళ్ళు. వాన పడని ఏళ్ళే ఎక్కువ. ఆడవాళ్ళు కౌంటర్ ముందు నిలబడి చెవులకున్నవి తీస్తుంటే నేను రసీదు పుస్తకంలోకి చూస్తూ కూర్చునేదాన్ని.

అలాంటి బ్రాంచి నుంచి నన్ను అయిదు రోజుల శిక్షణకు హైదరాబాదు పంపారు. విదేశీ వ్యాపారంలో బ్యాంకుల పాత్ర అనేది విషయం. నా తెలివి చూసి పంపలేదు. బ్రాంచికి ఒకరు రావాలని పైనుంచి ఉత్తరం వచ్చింది, మిగతావాళ్ళంతా తప్పించుకున్నారు. చల్లటి గదిలో కూర్చోబెట్టి, దేశదేశాల బ్యాంకులు ఒకదాన్నొకటి ఎలా నమ్ముతాయో బొమ్మలు గీసి చెప్పారు. డబ్బు సముద్రం దాటదని అక్కడే తెలిసింది. మన బ్యాంకుకు పరాయి దేశపు బ్యాంకులో ఒక ఖాతా ఉంటుంది. ఇక్కడివాడికి రావలసింది అక్కడ ఆ ఖాతాలో పడుతుంది, ఇక్కడ మనం రూపాయలు ఇస్తాం. మధ్యలో నడిచేది ఒక మెసేజ్, అంతే. నేను నోరు తెరుచుకుని విన్నాను. తిరుగు రైల్లో ఆ నోట్సు మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. అంత సంబరపడినందుకు ఈ రోజు నా మీద నాకే అసహ్యంగా ఉంటుంది.

నేను చిన్నాయన అని పిలిచే మనిషి ఒకాయన మా వీధిలోనే ఉండేవాడు. రక్తసంబంధం కాదు. నాయన మగ్గం పక్కనే ఆయన మగ్గం ఉండేది, అందువల్ల వచ్చిన వరస. ఇద్దరూ ఒకే షావుకారు దగ్గర కూలికి నేసేవాళ్ళు. షావుకారు పట్టునూలు ఇస్తాడు, చీర తీసుకుంటాడు, చేతిలో కూలి పెడతాడు. ఏదో ఒక వంక పెట్టి అందులోనూ కోత కోస్తాడు. చిన్నాయన అలా పదిహేనేళ్ళు నేసి, ఒక్కొక్కటిగా ఆరు మగ్గాలు సంపాదించి, వీధి చివర రేకుల షెడ్డు వేసుకున్నాడు. నలుగురు నేతగాళ్ళు ఆయన దగ్గర పని చేసేవాళ్ళు. ఆయన వాళ్ళ కూలిలో కోత పెట్టేవాడు కాదు. ఈ ఆరు మగ్గాలే ఆయన బతుకులో ఆయన సాధించిన విషయం. మళ్ళీ ఇంకొకడి మగ్గం ముందు కూర్చునే రోజు రాకూడదని మాత్రం కోరుకునేవాడు.

పుట్టపర్తికి వచ్చిన ఒక జర్మనీ మనిషి ఎవరో చెబితే విని ధర్మవరం వచ్చాడు. భక్తితో వచ్చాడో బేరానికి వచ్చాడో నాకు తెలియదు. చిన్నాయన షెడ్డులో నేల మీద చాప వేసుకుని సగం రోజు కూర్చున్నాడట. చిన్నమ్మ మజ్జిగ ఇస్తే రెండు గ్లాసులు తాగాడట. చీరలు కాదు, భుజాల మీద వేసుకునే సన్నటి పట్టు కండువాలు కావాలన్నాడు. నాలుగు వందలు. ధర విని చిన్నాయన నా దగ్గరికి పరుగున వచ్చాడు. షావుకారు కలలో కూడా ఇవ్వని ధర అది.

"మనిషి మంచోడే మాదిరి ఉండాడు పాపా. కానీ సరుకు ఆడికి పంపినాక దుడ్లు ఈకుంటే నేను యాడికి పోయి అడగల్ల? ఆ దేశం పేరు గూడా నాకు నోరు తిరగదు," అన్నాడు.

నేను అప్పుడే శిక్షణ నుంచి వచ్చి ఉన్నాను. ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని, వేలితో గీతలు గీసి, అంతా విడమర్చి చెప్పాను. కొనేవాడు తన బ్యాంకు దగ్గరికి పోతాడు. ఆ బ్యాంకు ఒక జాబు రాస్తుంది. ఫలానా సరుకు పంపినట్టు ఫలానా కాగితాలు చూపించండి, డబ్బు మేమిస్తాం, కొన్నవాడు ఇచ్చినా సరే ఇవ్వకపోయినా సరే, అని. దాన్నే ఎల్సీ అంటారు. ఆ జాబు బెంగళూరులో విదేశీ వ్యవహారాలు చూసే మా పెద్ద బ్రాంచికి వస్తుంది, అక్కడి నుంచి మాకు వస్తుంది. దాన్ని చూసి, పట్టునూలు కొనుక్కోవడానికి మేమే ముందుగా అప్పిస్తాం. సరుకు విమానం ఎక్కాక కాగితాలు మాకిస్తే మేం పంపుతాం. వాళ్ళు చూసుకుని డబ్బు వేస్తారు.

"అంటే ఆయప్పను నమ్మే పని ల్యా?"

"లేదు చిన్నాయనా. బ్యాంకును నమ్మితే చాలు."

ఈ మాట నేనే అన్నాను. ఎవరూ నా నోట్లో పెట్టలేదు.

ఎల్సీ వచ్చింది. షెడ్డు, ఆరు మగ్గాలు పూచీ రాయించుకుని మా బ్రాంచి అప్పిచ్చింది. మా మేనేజరు గోదావరి జిల్లా మనిషి. బ్రాంచికి మొదటి ఎగుమతి ఖాతా వచ్చిందని స్వీట్లు తెప్పించాడు. నలుగురు నేతగాళ్ళు, చిన్నాయన, చిన్నమ్మ కలిసి పండగలు కూడా చూడకుండా నేశారు. గడువుకు వారం ముందే నాలుగు వందల కండువాలు తయారయ్యాయి.

అప్పిచ్చిన బ్యాంకు సరుకు చూసి రావాలి కాబట్టి రిజిస్టరు పట్టుకుని నేనే షెడ్డుకు వెళ్ళాను. అన్నీ లెక్క పెట్టాను. సరిగ్గా ఉన్నాయి. పక్కన పసుపు అద్దిన గుడ్డలో చిన్న మూట ఒకటి విడిగా ఉంది.

"ఇదేంది చిన్నాయనా?"

"కొసరు."

"జర్మనీ ఆయనకు గూడా కొసరా?"

"జర్మనీ అయితే ఏమి, మనిషి గాదా? మొదటి బేరం పాపా. నూటికొకటి పెట్టల్ల. మీ తాత పెట్టినాడు, మా నాయన పెట్టినాడు. మొదటి బేరానికి కొసరు ల్యాకుండా పంపితే ఆ ఇంటికి మళ్ల సరుకు పోదు."

మా వీధిలో ఆ పద్ధతి నిజంగానే ఉండేది. కొత్త కొనుగోలుదారుడికి వెళ్ళే మొదటి మూటలో నూటికొకటి చొప్పున ఎక్కువ పెట్టేవాళ్ళు. మిగిలిపోయినవి కాదు, మచ్చ పడినవి కాదు. అన్నిట్లోకీ బాగా వచ్చినవి ఏరి పెట్టేవాళ్ళు. షావుకారు దగ్గర కూలికి నేసేవాడికి కొసరు పెట్టే యోగం ఉండదు, సరుకు అతనిది కాదు కదా. కాబట్టి సొంతంగా నేసేవాడికి ఆ కొసరు ఒక దర్జా. చిన్నాయన మొహంలో ఆ దర్జా చూసి నాకూ సంతోషం వేసింది.

కానీ నేను బ్యాంకు మనిషిని. తెలివితేటలు చూపించాలి. "పెట్టు గానీ, దాచిపెట్టద్దు. పెట్టెలో ఉండి కాగితంలో లేకపోతే కస్టమ్స్ వాళ్ళు దొంగ సరుకంటారు. సరుకు పంపించే ఏజెంటుకు చెప్పి ఉండేది ఉన్నట్టు రాయించు," అన్నాను.

"నువ్వెట్ల చెప్తే అట్లనే," అన్నాడు.

బెంగళూరు ఏజెంటు ఇన్‌వాయిస్‌లో ఆఖరి వరసలో రాశాడు. నాలుగు అదనం, ఉచితం, వెల లేదు. కాగితాలు నా టేబుల్ మీదికి వచ్చాయి. ఎల్సీ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూశాను. ఆ వరస చూసి మనసులో మెచ్చుకున్నాను కూడా, నిజాయితీగా రాశాడని. బ్రాంచి ముద్ర వేసి, సంతకం చేసి బెంగళూరుకు పంపాను. బెంగళూరువాళ్ళు వాళ్ళ ముద్ర వేసి జర్మనీకి పంపారు.

రెండు వారాల తర్వాత బెంగళూరు నుంచి ఫోను. కాగితాల్లో తేడా ఉందని జర్మనీ బ్యాంకు డబ్బు ఇవ్వనందట. సరుకు తక్కువైందేమోనని భయపడ్డాను. నా చేతులతో లెక్క పెట్టాను కదా అనుకున్నాను. ఏమిటి తేడా అని అడిగితే, ఎల్సీలో నాలుగు వందలుంటే ఇన్‌వాయిస్‌లో నాలుగు వందల నాలుగు ఉన్నాయన్నారు. నాకు నవ్వొచ్చింది. తక్కువైతే కదా తగాదా, ఇది ఒక ఫోనుతో తేలిపోయే విషయం అనుకున్నాను.

మరుసటి రోజు పొద్దున ప్యాసింజర్ రైలెక్కి బెంగళూరు పోయాను. విదేశీ విభాగంలో కాగితాలు చూసే ఆఫీసరు పెద్దమనిషి, మర్యాదస్తుడు. కాఫీ తెప్పించాడు. సొరుగులోంచి సన్నటి పుస్తకం ఒకటి తీసి నా ముందు పెట్టాడు. ప్రపంచంలో బ్యాంకులన్నీ ఎల్సీల విషయంలో ఆ పుస్తకంలో ఉన్న నియమాల ప్రకారమే నడుచుకుంటాయట. కిలోల్లో, మీటర్లలో కొలిచే సరుకైతే నూటికి అయిదు వంతులు అటూ ఇటూ అయినా ఒప్పుకుంటారట. విడి వస్తువులుగా లెక్కించేదైతే ఒక్కటి కూడా తేడా రాకూడదట. పైగా ఎల్సీలో అడగని వస్తువు ఇన్‌వాయిస్‌లో కనిపించకూడదట, ఉచితమని రాసినా సరే. ఉచితమన్నా అక్కడ కొనేవాడికి సుంకం పడవచ్చు కదా అన్నాడు. అందులో న్యాయం లేదని నేననను. కానీ నా మనసు వేరే చోట ఉంది.

"సార్, పెట్టెలో ఇటుకలు పెట్టి, కాగితాల్లో నాలుగు వందల కండువాలని శుభ్రంగా రాసి పంపితే?" అని అడిగాను.

"బ్యాంకు చూసేది కాగితాలమ్మా. పెట్టెలో ఏముందో బ్యాంకుకు సంబంధం లేదు. కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు ఇచ్చేయాలి. తర్వాత కొన్నవాడు మోసమని కోర్టుకు పోవచ్చు, అది వేరే సంగతి."

"మంచి కండువాలు పంపి, నాలుగు ఎక్కువ పెట్టామని నిజం రాస్తే?"

"ఇవ్వనవసరం లేదు."

ఆయన వెక్కిరించలేదు. పాఠం చెప్పినట్టు చెప్పాడు. ఆ గదిలో మరో పదిమంది ఇలాంటి కాగితాలే చూస్తున్నారు, ఎవరూ తలెత్తలేదు. మీరు కూడా చూసే కదా సార్ ముద్ర వేశారు అన్నాను. మీ బ్రాంచి చూసి పంపింది కదా అని వేశాం అన్నాడు. ఆ కాఫీ నేను తాగలేకపోయాను.

తర్వాత మూడు నాలుగేళ్ళకు ఆ దేశాల్లో పెద్దపెద్ద బ్యాంకులు మునిగిపోతున్నాయని రోజూ పేపర్లో వచ్చేది. ఎవరెవరివో ఇళ్ళ అప్పుల కాగితాలు కట్టలకొద్దీ కొన్నారట. వాటిలో ఏముందో సరిగ్గా చూసిన దిక్కు లేదట. ప్రభుత్వాలు జనం పన్నుల్లోంచి తీసి వాటిని బతికించాయి. మా కండువాలను తిరగ్గొట్టిన బ్యాంకు వాటిలో ఉందో లేదో నేను వెతకలేదు. నాలుగు కండువాల దగ్గర అంత చూపున్న బ్యాంకుల జాతికి కొండలంత కాగితాల దగ్గర కళ్ళు ఎలా మూసుకుపోయాయో అనుకుని పేపరు అవతల పారేశాను. ఆ రోజు మా ఇంట్లో ఎవరితోనూ మంచిగా మాట్లాడలేదు.

అప్పటి సంగతికి వస్తాను. కాగితాల్లో తేడా వచ్చినా, కొన్నవాడు పర్వాలేదంటే బ్యాంకు డబ్బు ఇచ్చేస్తుంది. ఒక్క సంతకం చాలు. మజ్జిగ తాగి పోయిన మనిషి కదా, పెడతాడని నేను ధీమాగా ఉన్నాను. ఏజెంటుకు జర్మనీ ఆయన దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. ఎంతో విచారిస్తున్నాడట. తన బ్యాంకు చాలా కఠినమైనదట. ఈలోగా చలికాలం అమ్మకాలు అయిపోతున్నాయట. ధరలో మూడో వంతు తగ్గిస్తే ఎలాగోలా ఒప్పించడానికి ప్రయత్నిస్తాడట. మా షావుకారు కనీసం ఎదురుగా కూర్చుని కోసేవాడు.

చిన్నాయనకు చెప్పడానికి సాయంత్రం షెడ్డుకు పోయాను. ఆయన ముందు నమ్మలేదు.

"ఎక్కువిస్తే కోపమొచ్చినాదా వాళ్ళకు?"

"కోపం గాదు చిన్నాయనా, రూలు."

"ఎక్కువ ఈగూడదని రూలు పెట్టుకున్యారా?"

"కాగితంలో ఉండగూడదంట."

"కాగితంలో రాయకుంటే?"

"దుడ్లు వచ్చుండేవి."

ఆయన నా వైపు చూశాడు. రాయించమన్నది నువ్వే కదా అనలేదు. ఆ మాట కోసమే నేను కూర్చున్నాను. అంటే తిట్టించుకున్నట్టయినా ఉండేది. చిన్నమ్మ ఆ రోజు మజ్జిగ ఇవ్వబోతే వద్దన్నాను.

సరుకు వాపసు తెప్పించుకుందామంటే విమానం ఖర్చు, ఇక్కడ మళ్ళీ కస్టమ్స్ తతంగం. ఆ రంగుల కండువాలు ఇక్కడ కొనేవాళ్ళు లేరు. సరే, తగ్గింపుకే ఒప్పుకుందామని చిన్నాయన గుండె రాయి చేసుకుని అన్నాడు. అప్పుడు మన దేశపు నియమాలు ఎదురొచ్చాయి. ఎగుమతి చేసినవాడు రావలసిన విదేశీ డబ్బు మొత్తం ఆరు నెలల్లోగా తెప్పించాలి. తక్కువకు ఒప్పుకోవాలంటే, అదీ అంత పెద్ద తగ్గింపుకు, అనుమతి కావాలి. మనిషి నష్టపోవడానికి కూడా అర్జీ పెట్టుకోవాలన్నమాట. దేశం డబ్బు దొంగదారిన బయట ఉండిపోకూడదని పెట్టిన నియమం అది. పెద్దపెద్దవాళ్ళు ఆ దారులన్నీ తెలిసి దర్జాగా తిరుగుతుంటే, ధర్మవరం నేతగాడు ఎందుకు తగ్గిస్తున్నాడో మూడు ప్రతుల్లో రాసివ్వాల్సి వచ్చింది. ఆ అర్జీ నేనే రాశాను. అది అనంతపురం పోయి, హైదరాబాదు పోయి, ప్రశ్నలతో తిరిగొచ్చి, మళ్ళీ పోయింది. అవతల విమానాశ్రయం గోదాములో, డబ్బు కట్టేదాకా వదలని సరుకుకు రోజువారీ అద్దె పడుతూనే ఉంది.

ఈలోగా తొంభై రోజులు దాటాయి. తొంభై రోజులు బాకీ కదలకపోతే అది మొండి బాకీ కింద లెక్క. ఈ తొంభై రోజులు మా ప్రాంతంలో ఎవరూ పెట్టింది కాదు. దేశదేశాల బ్యాంకుల పెద్దలు ఎక్కడో చల్లటి ఊళ్ళో కూర్చుని, బ్యాంకులు ఎంత జాగ్రత్తగా ఉండాలో మంచి పద్ధతులు రాసుకున్నారు. మనవాళ్ళు కూడా వాటికి దగ్గరవ్వాలని ఆ లెక్క తెచ్చారు. పంట అప్పులకైతే పంటకాలాన్ని బట్టి కాస్త వెసులుబాటు ఉండేది. మగ్గానికి లేదు. ఎగుమతికని తక్కువ వడ్డీకి ఇచ్చిన అప్పు మామూలు వడ్డీకి మారింది. మా మేనేజరు చిన్నాయన వస్తే కుర్చీ చూపించడం మానేశాడు. స్వీట్లు తెప్పించిన మనిషే.

అయిదో నెలలో డబ్బు వచ్చింది. మూడో వంతు తగ్గింది. అందులో తేడా కనిపెట్టినందుకు జర్మనీ బ్యాంకు రుసుము, మెసేజ్‌లకు రుసుము, మధ్యలో ఉన్న బ్యాంకుకు రుసుము, చివరికి మా బెంగళూరు బ్రాంచికి రుసుము. గోదాము అద్దె జర్మనీ ఆయన ముందే పట్టుకున్నాడు. మిగిలింది అప్పులో సగానికి కాస్త ఎక్కువ. మిగతా సగం చిన్నాయన నెత్తిన పడింది.

అప్పుడొక చిన్న దారి కనబడింది. హైదరాబాదు ఆఫీసు మా బ్రాంచిని సంజాయిషీ అడిగింది. తేడా ఉన్న కాగితాలను ఎలా పంపారు, అదనపు సరుకు సంగతి బ్రాంచికి ముందే తెలుసా, అని. బ్రాంచికి తెలిసి, బ్రాంచి సలహా మీదే ఖాతాదారుడు అలా చేసి ఉంటే, నష్టంలో కొంత బ్యాంకు భరించే విషయం ఆలోచిస్తామని కూడా రాసింది. సంబంధించిన ఉద్యోగి మీద చర్య ఉంటుందనే మాట దాని కిందే ఉంది. ఆ ఉత్తరం చదివి నాకు ఊపిరి వచ్చింది. చిన్నాయన మగ్గాలు మిగులుతాయి అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. కింద వాక్యం రెండోసారి చదివినప్పుడు ఒంటికి పట్టింది.

మేనేజరు తలుపు వేసి మెల్లగా చెప్పాడు. "చూడండి మేడమ్, మీకు తెలుసని రాశామనుకోండి, ముందు మిమ్మల్ని సస్పెండ్ చేస్తారు. తర్వాత జీతంలోంచి రికవరీ పెడతారు. మీకిద్దరు పిల్లలు, ఇంటి లోను ఉంది. తెలియదని రాసేద్దాం. ఖాతాదారుడు తనంతట తనే పెట్టాడు, బ్రాంచికి చెప్పలేదు అని. ఆయన చేత కూడా ఒక సంతకం పెట్టించండి, ఫైలు క్లోజయిపోతుంది. మీ మాటైతే వింటాడు."

తన ఉద్యోగం కూడా అందులో ఉందని ఆయన అనలేదు. నేనూ అడగలేదు. మూడు రోజులు ఆ కాగితం సొరుగులో పెట్టుకున్నాను. నాలుగో రోజు నా సంతకం పెట్టాను. ఎవరూ నా చేయి పట్టుకుని పెట్టించలేదు.

మధ్యాహ్నం అది తీసుకుని షెడ్డుకు పోయాను. చిన్నాయన మగ్గం మీద ఉన్నాడు. దిగి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"ఇందులో ఏముండాది పాపా?"

బ్యాంకు కాగితం, మామూలుదే అని చెప్పవచ్చు. ఎన్ని వందలమందికి ఆ మాట చెప్పి వేలిముద్రలు వేయించుకున్నానో. ఆయనకు చెప్పలేకపోయాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చదివి వినిపించాను. నాలుగు కండువాలు అదనంగా పెట్టిన సంగతి నేను బ్రాంచిలో ఎవరికీ చెప్పలేదు, దానివల్ల వచ్చిన నష్టానికి నేనే బాధ్యుణ్ణి అని.

"నీకు చెప్పినా గదా."

"చెప్పినావు చిన్నాయనా."

"నేను చెప్పినానంటే ఏమైతాది?"

"నా మీదికి వస్తాది. ఉద్యోగం పోయినా పోతాది."

"చెప్పలేదంటే?"

"నష్టమంతా నీదే. మగ్గాలు అమ్మల్ల."

చిన్నమ్మ గడప దగ్గర నిలబడి వింటోంది. లోపలికి పోయింది. లోపల మిగతా మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి.

"మీ నాయన ఉండుంటే ఆయప్పనే అడుగుదును," అన్నాడు చిన్నాయన. "మన వీధిలో కుర్చీలో కూకుని పని చేసే ఆడబిడ్డవి నువ్వొక్కదానివే. నీ ఉద్యోగం తీసి నా మగ్గాలు నిలబెట్టుకుంటే, రేపు నేను పోయి ఆడ మీ నాయనకు ఏమని చెప్పల్ల?"

వద్దు చిన్నాయనా అని కాగితం వెనక్కి లాక్కుని ఉండవచ్చు. ఇంకా నా చేతిలోనే ఉంది. లాక్కోలేదు.

"యాడ పెట్టల్ల సంతకం?" అన్నాడు.

చూపించాను. ఆయన గోడకు ఆనించి, ఒక్కొక్క అక్షరం పూర్తిగా రాసి పెట్టాడు. పెన్ను మూత బిగించి మరీ నా చేతికిచ్చాడు.

ఆ ఎండాకాలంలో ఆరు మగ్గాలూ అమ్మి అప్పు కట్టేశాడు. షెడ్డు మిగిలింది, ఖాళీ షెడ్డు. నలుగురు నేతగాళ్ళలో ఇద్దరు బెంగళూరులో ఇళ్ళు కట్టే పనికి పోయారు. చిన్నాయన పాత షావుకారు దగ్గర కూలి మగ్గం మీద కూర్చున్నాడు. బజార్లో కనిపిస్తే, బాగుండావా పాపా, పిల్లోళ్ళు బాగుండారా అని ఎప్పటిలాగే అడిగేవాడు. ఆయన్ని దూరం నుంచి చూసి నేను పక్క సందులోకి తిరిగిన రోజులు ఉన్నాయి.

ఆ సంతకాల కాగితానికి మాత్రం హైదరాబాదు నుంచి పది రోజుల్లో జవాబు వచ్చింది. కాగితాలన్నీ సరిచూశామనీ, సక్రమంగా ఉన్నాయనీ, ఏ తేడా కనిపించలేదనీ రాశారు.